చూరు తాకని తీగ

మరిడమ్మ కాపురానికి వచ్చిన ఇంటికి పాదు అచ్చిరాదు. ఆ సంగతి ఆమెకు పెళ్ళిలో ఎవరూ చెప్పలేదు. పెళ్ళిలో చెప్పే సంగతి కాదు మరి.

ఆమె పుట్టింది ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, ఒక లంకలో. వాళ్ళ అమ్మగారింటి కప్పు మీద తాటాకు కనపడేది కాదు. ఒకవైపు నుంచి గుమ్మడి, ఇంకోవైపు నుంచి ఆనప, పొయ్యి దగ్గర చూరు పట్టుకుని బచ్చలి. వానాకాలంలో ఇల్లు ఒక పెద్ద పొదలా ఉండేది. లోపల పొయ్యి రాజేస్తే ఆకుల సందుల్లోంచి పొగ లేచేది, పొదే ఊపిరి విడుస్తున్నట్టు.

అత్తగారి పాలెం అలా కాదు. యానాం దగ్గర, గౌతమి సముద్రంలో కలవబోయే చోట, ఏటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు ఒక గుంపుగా ఉండేవి. అన్నీ చుట్టిళ్ళు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులా తాటాకు కప్పు. చూరు చుట్టూ నడుం ఎత్తుకు దిగి ఉండేది. గుమ్మం ముందు మాత్రం రెండు గుంజల మీద కాస్త పైకి లేచి, నిలబడ్డ మనిషి తలకు తగిలేది. నేల ఉప్పు. బావి నీళ్ళు ఉప్పు. తాగే నీళ్ళు కాలువ నుంచి కడవలతో మోసుకురావాలి. ఎటు చూసినా ఆరేసిన వల రంగు, ఎండుచేప రంగు, ఎండిన తాటాకు రంగు. కొత్తకోడలు పొద్దున్నే బయటికి వచ్చి పచ్చదనం కోసం వెతికితే, అది కంచె అవతల, పొరుగింటి కప్పు మీద కనిపించింది. ఒక ఆనప పాదు. సాయంత్రమైతే దానికి తెల్లటి పువ్వులు విచ్చేవి. పాలెంలో చీకటి అన్నిటికంటే ఆలస్యంగా చేరేది ఆ పువ్వుల దగ్గరికే.

ఇది పద్దెనిమిది వందల ఎనభైల నాటి మాట.

మరిడమ్మ పుట్టింటి నుంచి కొంగుకు ముడివేసుకుని నాలుగు బీరగింజలు తెచ్చుకుంది. ఇంటి పక్కన గుంట తవ్వి, కాలువ గట్టు నుంచి ఒండ్రు తెచ్చి నింపి పాతింది. మొలకలు రెండాకులు వేసిన రోజున అత్త లోవమ్మ వచ్చి, వంగి, వాటిని వేళ్ళతో సహా తీసి మేక ముందు పడేసింది. వెళ్ళి వల అల్లుకోవడానికి కూర్చుంది.

"పీకేసిందా?" కంచె అవతల నుంచి మహాలక్ష్మమ్మ అడిగింది. ఆనప పాదు ఇల్లు ఆవిడదే. పాలెంలో ఎవరికి కాన్పయినా ఆవిడే మంత్రసాని.

"పీకేసింది పిన్నీ. ఎందుకో చెప్పలేదు."

"చెప్పదు. చెప్పడానికి నోరు రావాలిగా. మీ ఇంటికి పాదు ఆనవాయితీ లేదమ్మాయ్."

మహాలక్ష్మమ్మ అప్పుడు చెప్పింది. మరిడమ్మ మగడు పోతురాజు పాకే బిడ్డగా ఉన్నప్పుడు లోవమ్మ ఆ ఇంటి మీదికి ఆనప పాదు ఎక్కించింది. పాలెం అంతా వచ్చి చూసేలా పాకింది. తొలికాయ కోసి కూర వండిన రోజున మగడు బుల్లియ్య ఏరు కలిసే మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాడు. కూర గిన్నెలో ఉండిపోయింది. బుల్లియ్య రాలేదు. రాడని ఒప్పుకోవడానికి లోవమ్మకు చాలా రోజులు పట్టింది. ఈలోగా పాదు మీద కాయలు ముదిరిపోయాయి. అప్పుడొక రోజు పాదునంతా తన చేతులతోనే లాగి పారేసింది. పెద్దలు కూర్చుని, ఈ ఇంటికి పాదు అచ్చిరాలేదు, ఇక పెట్టవద్దన్నారు.

"మరి ఎప్పటికీ అంతేనా?"

"కలిసే దారి ఉందిలే. పాదు చూరు తాకిన రోజునే ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి. లేదంటే ఆవు ఈనాలి. అప్పుడు తెగిన ఆనవాయితీ కలుస్తుంది."

"బిడ్డ పుట్టకపోతుందా ఏంటి?" అని మరిడమ్మ సిగ్గుపడింది.

"ఎక్కడ పుడుతుందే? తొలికాన్పు పుట్టింటికి పోతావు. మీ అత్తకి ఆ ఒక్కడే. ఆవు కొనే మొహాలా మనవి? పైగా బిడ్డ పుట్టే రోజుకి పాదు చూరు దగ్గర సిద్ధంగా ఉండాలి. ఒక రోజు ముందు తాకిందా, ఇంటి మగాడికి గండం. ఎవరు తెగిస్తారు?"

మరిడమ్మ ఇక గింజల మాట ఎత్తలేదు.

ఆమె రోజూ చేపలగంప నెత్తిన పెట్టుకుని యానాం వెళ్ళేది. అక్కడ ఒక ఫ్రెంచి ఉద్యోగి ఇంటికి వాడుకగా చేపలిచ్చేది. ఆ ఇంట్లో వంటవాడు ఏసుపాదం. పుదుచ్చేరిలో పని నేర్చుకున్న మనిషి, కాస్త నోటి దురుసు. ఆ ఇంటి వసారాలో, తెల్లటి స్తంభానికి చుట్టుకుని ఒక తీగ ఉండేది. తమలపాకంత ఆకు, దాని మీద ఎవరో పసుపు చిలకరించి తుడవడం మరిచిపోయినట్టు చారలు. వైశాఖపు ఎండలో కూడా అది అలాగే ఉండడం మరిడమ్మ చూసింది. ఒక రోజు ఆగి అడిగింది.

"తమలపాకు భలే ఎక్కిందండి. ఎవరు పెంచుతున్నారు?"

"తమలపాకు కాదు. నమిలావంటే నోరు దురదెత్తి రేపు చేపలని కేక వెయ్యలేవు."

"మరేంటి?"

"నాకూ తెలీదు. దొరసాని ఏదో పేరంటుంది, నాకు నోరు తిరగదు. ఓడలో వచ్చింది."

"పువ్వు పూస్తుందాండి?"

"పూయగా నేను చూళ్ళేదు."

"కాయ?"

"పువ్వే లేదంటే కాయేంటి?"

"ఆకు కూరకి పనికొస్తుందా?"

"చెప్పాను కదమ్మా, దురదని. పూజక్కూడా పనికిరాదు. గేదె కూడా తినదు."

మరిడమ్మ గంప కిందికి దించింది. ఆమె మొహం వెలిగింది. "అయితే ఇది పాదు కాదండి!" అంది.

ఏసుపాదానికి అర్థం కాలేదు. అయినా వంటకత్తి తెచ్చి, కణుపు కింద కోసి ఒక ముక్క ఇచ్చాడు. కణుపు దగ్గర గోధుమరంగులో చిన్న ముల్లులాంటిది చూపించాడు. అదే వేరవుతుందని, ఎండలో పెట్టవద్దని, మన్ను ఆరితేనే నీళ్ళు పోయమని చెప్పాడు. "ముద్దుచేస్తే చస్తుంది. మా దొరసాని పూటపూటా నీళ్ళు పోసి ఒకదాన్ని చంపింది" అన్నాడు.

ముక్కను తడిగుడ్డలో చుట్టి, చేపలు అమ్ముడుపోయిన గంపలో పెట్టుకుని మరిడమ్మ ఇంటికి వచ్చింది. దారిపొడవునా మాటలు కూడగట్టుకుంది. ఇల్లు చేరేసరికి లోవమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏంటది?"

"తీగత్తా. పాదు కాదు. ఇది పూయదు, కాయదు."

"మరి?"

"ఊరికే ఉంటుంది."

"తినడానికి?"

"పనికిరాదు."

లోవమ్మ ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది. "పూయదు, కాయదు, ఎవరికీ పనికిరాదు, ఊరికే ఉంటుంది. మా తమ్ముడే ఈ రూపంలో వచ్చాడన్నమాట" అంది.

వలకు బరువులు కడుతున్న పోతురాజు నవ్వాడు. ఆ నవ్వు చూసి మరిడమ్మకు ధైర్యం వచ్చింది. "కుండలో పెట్టుకుంటానత్తా. గుంజకి ఎక్కిస్తాను, అంతే."

లోవమ్మ వల ఒళ్ళోకి లాక్కుంది. వలలో తెగిన కన్ను ఒకటి ముడివేసి, పళ్ళతో దారం కొరికి, అప్పుడంది: "గుంజ వరకూ నీ ఇష్టం. చూరు తాకిందో, పీకి ఏట్లో పారేస్తా. చెప్పలేదనకు."

ఆ రోజు నుంచి మరిడమ్మకు ఇంట్లో రెండు పనులు వచ్చిపడ్డాయి. తీగను బతికించడం, దాన్ని ఎక్కనివ్వకుండా చూడడం.

మొదటిదే ముందు చెడింది. కుండకు అడుగున చిల్లి పెట్టాలని ఆమెకు తెలియదు. బియ్యం కడిగిన నీళ్ళు మిగిలినప్పుడల్లా పోసింది. తాగేనీళ్ళు మొక్కకు పోస్తే అత్త ఊరుకోదు గనక అవే పోయాలి. నీళ్ళు అడుగున నిలిచాయి. కాడ మొదలు మెత్తబడింది. వాసన చూస్తే కుళ్ళు. కుళ్ళుకు ఏం చేయాలో ఆమెకు బాగా తెలుసు. చేప మెత్తబడుతుంటే పొట్ట చీల్చి ఉప్పు దట్టిస్తారు, అది ఇక చెడదు. పుట్టింట్లో ఆమె చేతికి వచ్చిన మొదటి విద్య అదే. మెత్తబడిన చోట గాటు పెట్టి ఉప్పు అద్దింది. ఇంకో గుప్పెడు మొదలు దగ్గర చల్లి, పైన గుడ్డ చుట్టింది. చేసిన పని బాగుందనిపించి ఆ పూట అన్నం తృప్తిగా తింది.

మర్నాటి నుంచి ఆకులు అంచుల దగ్గర మాడడం మొదలైంది. తర్వాత ఒక్కొక్కటే వేలాడాయి. చివరి చిగురాకు ఒక్కటి మిగిలింది. మరిడమ్మ దాన్ని పట్టుకుని యానాం పరుగెత్తింది.

ఏసుపాదం కాడను చూసి, వాసన చూసి, నాలికతో తాకి చూశాడు. "ఉప్పా! తీగని ఊరబెట్టావా? ఎండబెట్టి సంతలో అమ్ముదామనా?" అని అరిచాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపలికి వెళ్ళి పనిమనిషికి చెప్పి మళ్ళీ నవ్వాడు. అప్పటికి మరిడమ్మ ఏడుస్తోంది. అతను నవ్వు ఆపాడు.

చెడిన కాడంతా కోసేశాడు. రెండు కణుపులున్న చిగురు మిగిలింది. దొర తాగి పడేసిన ఆకుపచ్చ సీసా ఒకటి తెచ్చి, కడిగి, మంచినీళ్ళు పోసి, అందులో నిలబెట్టాడు. "మన్ను వద్దు, బియ్యం నీళ్ళు వద్దు, నీ ఉప్పు అసలు వద్దు. నీళ్ళలోనే ఉండనీ. వేళ్ళు కనిపించాక చూద్దాం" అన్నాడు.

సీసా పాలెం చేరేసరికి కబురు దానికంటే ముందు చేరింది. "పోతురాజు బయట తాగొస్తాడని పెళ్ళాం ఇంట్లోనే సీసా పెట్టిందట" అన్నారు. పోతురాజు కూడా, "రోజూ నీళ్ళు మారుస్తున్నావు, నాకు ఒక్కసారైనా గంజి మార్చావా?" అని వెక్కిరించేవాడు. మరిడమ్మ పట్టించుకోలేదు. గుమ్మం దగ్గర నీడలో, ఎలుక పడగొట్టని ఎత్తులో సీసాను తాడుతో కట్టింది. పొద్దున్నే ఏటి మీంచి వెలుతురు వచ్చి సీసాలో దూరేది. ఆ పచ్చటి నీటిలో ఒక రోజు తెల్లటి వెంట్రుకంత వేరు కనిపించింది. ఆమె పోతురాజును లేపి చూపించింది. అతను చూసి, "ఎండ్రకాయ మీసంలా ఉంది" అని మళ్ళీ పడుకున్నాడు.

వేళ్ళు గుబురయ్యాక చిల్లికుండలో, కాలువ ఒండ్రులో నాటింది. ఇసుక కాస్త కలిపింది. మన్నులో వేలు దూర్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్ళు పోసేది. ఉప్పుగాలికి ఆకుల మీద తెల్లటి పొర పట్టేది. తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిచేది. ఆ తర్వాత ఆ తీగ ఇక వెనక్కి చూడలేదు. గాలికి, ఎండుచేపల కంపుకి, మేకకి, దేనికీ లొంగలేదు. మేక ఒకసారి కొరికి, మూతి తిప్పుకుని, మళ్ళీ దాని జోలికి రాలేదు.

ఎక్కడం దాని పని. గుంజను వేళ్ళతో కరుచుకుని ఎక్కేది. చూరుకు జానెడు దూరం వచ్చేసరికి మరిడమ్మ మెల్లగా వేళ్ళు ఊడదీసి, కొసను కిందికి వంచి, మళ్ళీ గుంజ చుట్టూ తిప్పేది. కొస మొండిది. వంచిన చోట నుంచే తల తిప్పుకుని పైకి చూసేది. మళ్ళీ వంచేది. గుంజ కనిపించనంత దట్టంగా ఆకులు అల్లుకున్నాయి. పాలెం వాళ్ళు దానికి పనిలేని తీగ అని పేరు పెట్టారు. అయినా నీళ్ళకు పోతూ ఒకసారి ఆగి చూసి పోయేవాళ్ళు.

లోవమ్మ తీగ వైపు చూసేది కాదు. గుంజ ఎదురుగా కూర్చోకుండా వీపు పెట్టి కూర్చునేది.

ఒకసారి మరిడమ్మకు చలిజ్వరం వచ్చి చాపకు అంటుకుపోయింది. లేవగలిగిన రోజున మొదట తీగ గుర్తొచ్చింది. ఈపాటికి చూరు తాకి ఉంటుంది, అత్త పీకేసి ఉంటుంది అనుకుంటూ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. తీగ ఉంది. కొస కిందికి వంచి ఉంది. వంచిన చోట వల దారంతో ముడి వేసి ఉంది. చిన్నది, గట్టిది, తడిసినా జారని ముడి. ఆ ముడి ఆ ఇంట్లో ఒక్కరికే వచ్చు. కుండలో మన్ను తడిగా ఉంది.

మరిడమ్మ ఆ ముడిని విప్పకుండా అలాగే ఉంచింది.

ఆ మరుసటి ఏడు మరిడమ్మ కడుపుతో ఉంది. ఆషాఢం వెళ్ళేలోగా అన్న వీరాస్వామి పడవ మీద వచ్చి పుట్టింటికి తీసుకుపోవాలని మాట. ఆమెకు పుట్టింటి మీద ధ్యాస ఎంత ఉందో, తీగ మీద బెంగ అంత ఉంది. వెళ్తే నెలల తరబడి రాదు. ముందే పోతురాజుకు కొస వంచడం నేర్పబోయింది. అతని వేళ్ళకు మోకులు తప్ప ఇంకేవీ ఆనవు. రెండుసార్లు కొస తుంచేశాడు. తుంచిన చోట రెండు కొసలు వచ్చాయి. "ఒకటి వంచలేక చస్తుంటే రెండు చేశావు" అని మరిడమ్మ నెత్తి కొట్టుకుంది.

అన్న రాకముందే వరద వచ్చింది. ఆ ఏడు ముందుగా వచ్చింది. ఏరు ఒక్క పూటలో ఎర్రబడింది. ఎగువన ఆనకట్ట మీంచి నీళ్ళు పొర్లుతున్నాయని, పడవలు ఎక్కడివక్కడ కట్టేశారని కబురు వచ్చింది. ఉప్పు ఏరు తీపెక్కింది. ఆడవాళ్ళు కాలువకు పోవడం మాని ఇంటి ముందే కడవలు ముంచుకుని తేర్చుకున్నారు. పులసలు ఎదురెక్కే రోజులు గనక మగవాళ్ళంతా ఏటి మీదే ఉన్నారు. ఇక మరిడమ్మ పుట్టింటికి వెళ్ళే దారి లేదు.

ఆమె ఇప్పుడు చేతులు పైకెత్తకూడదు, వంగకూడదు. కొసలు రెండూ చూరు వైపు నడుస్తున్నాయి. వరద గాలికి, తేమకు అవి ఎన్నడూ లేనంత జోరు మీదున్నాయి. జానెడు దూరం బెత్తెడయింది. పోతురాజుకు చెబితే "రేపు వంచుతాలే" అని వెళ్ళిపోయాడు. అత్తను అడగాలంటే నోరు రాలేదు. అడిగితే, ఇన్నాళ్ళూ చూడనట్టు ఉన్న అత్త చూసినట్టే అవుతుంది. చూశాక, పీకేస్తానన్న మాట నిలుపుకోవాలి.

తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. మహాలక్ష్మమ్మ వచ్చింది. లోవమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నొప్పికీ నొప్పికీ మధ్య మరిడమ్మ కళ్ళు గుమ్మం వైపు పోయేవి. అక్కడ, తెల్లటి వెలుతురులో, ఆ రెండు కొసలు నల్లగా, రెండు వేళ్ళలా కనిపించేవి. చూరు తాటాకుకూ వాటికీ మధ్య ఇంకా కాస్త ఆకాశం ఉంది.

"ఎటు చూస్తావే, ఇటు చూడు!" అని మహాలక్ష్మమ్మ కసిరింది.

మధ్యాహ్నం వేళకు ఆడపిల్ల పుట్టింది. ఏడుపు ఏటి హోరును దాటి వినిపించింది. బొడ్డు కోసి, బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టారు. లోవమ్మ బిడ్డ మొహం చూసింది. లేచి బయటికి వెళ్ళింది.

వెంటనే ఆకుల గలగల వినిపించింది. గుంజ కదిలింది.

"అత్తా, పీకొద్దు!" మరిడమ్మ లేవబోయింది. "తాకలేదు. ఇంకా తాకలేదత్తా, నేను చూశాను!"

"తాకలేదనే గదే వచ్చింది" అంది లోవమ్మ బయటి నుంచి.

మహాలక్ష్మమ్మ గుమ్మంలోంచి తల బయటికి పెట్టింది. లోవమ్మ పీట మీద నిలబడి ఉంది. తీగ కొసలు రెండూ చేత్తో పట్టుకుని, వంచిన చోట ముడులు విప్పి, సాగదీసి, చూరు తాటాకులోకి దూర్చుతోంది. నోట్లో వల దారం ముక్క ఉంది.

"ఓసి నీ! పురిటి మైలతో పచ్చటి తీగ ముట్టుకుంటావా? వాడిపోతుందే!"

"వాడదు. ఉప్పు తిని బతికిన తీగ ఇది."

"అది కాదే, దానంతట అది తాకాలి గానీ..."

"తాకిందా లేదా అని అడుగుతారు. పాదా తీగా, ఎవరు తాకించారు అని అడగరు." లోవమ్మ దారం నోట్లోంచి తీసి, కొసలను తాటాకు ఈనెకు కలిపి ముడివేసింది. "ఇవాళే తాకాలి. రేపు తాకితే కుదరదు. ఇంకోసారి వరద ఎప్పుడొస్తుందో, ఈ పిల్ల ఇంకోసారి ఇక్కడ ఎప్పుడు కంటుందో, అందాకా నేనుంటానో లేదో" అని పీట దిగింది. దిగి, తీగ ఎక్కాక మొదటిసారి ఆ గుంజకు ఎదురుగా కూర్చుంది.

సాయంత్రం పోతురాజు ఏటి మీంచి వచ్చి, వంగకుండా నడవబోతే తీగ నుదుటికి తగిలింది. బిడ్డనూ చూశాడు, చూరునూ చూశాడు. అతని మొహంలో రంగు పోయింది. గండం తనకే కదా.

"ఎప్పుడు తాకిందే?"

"బిడ్డ పుట్టాక" అంది లోవమ్మ. "ఇద్దరం సాక్షులం. వెళ్ళి పెద్దలకి చెప్పిరా. కల్లు నీ చేత్తో వాళ్ళకి పోస్తే కాదనరు."

కాదనలేదు.

పురుడు వెళ్ళాక, వరద తీసి ఒడ్డు మీద మెత్తటి ఒండ్రు మిగిలినప్పుడు, లోవమ్మ పొయ్యి వెనక బూడిదకుండలోంచి చిన్న మూట తీసింది. లోపల ఆనప గింజలు. కొత్తవి, తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

"ఇవెక్కడివత్తా?"

లోవమ్మ గునపం తీసుకుని ఇంటి పక్కకు నడిచింది. కంచె అవతల నుంచి మహాలక్ష్మమ్మే చెప్పింది. "ఎక్కడివేంటి, మా ఇంటి మీదివి. మా ఇంటి మీదికి ఎక్కడివంటావా? ఆనాడు మీ అత్త పాదు పీకి కంచె మీంచి విసిరితే, ముదురుకాయ ఒకటి మా దొడ్లో పగిలి మొలిచింది. ఏటా వచ్చి గుప్పెడు గింజలు పట్టుకుపోతుంది, పాతవి పారేస్తుంది. ఎందుకే అంటే కడుపునొప్పికి అంటుంది. ఇన్నేళ్ళ కడుపునొప్పి ఎవరికే తల్లీ?"

"నువ్వు నోరు ముయ్యి" అంది లోవమ్మ, గుంట తవ్వుతూ.

మరిడమ్మ ఆ తర్వాత చాలా కాలం బతికింది. ఇంకో ఇద్దరిని కంది, ఒకరిని పోగొట్టుకుంది. గాలివానకు ఇంటి కప్పు లేచిపోతే మళ్ళీ వేయించుకుంది. చేపలగంప మనవరాళ్ళకు అప్పగించేదాకా యానాం వెళ్తూనే ఉంది. ఏసుపాదం పోయినప్పుడు గోరీ దగ్గర ఆ తీగ ముక్క ఒకటి నాటి వచ్చింది. చూరు ఎక్కిన తీగకు ఆకులు చేటంత పెరిగాయి. పాలెంలో అడిగినవాళ్ళకల్లా కణుపు కింద కోసి ఇచ్చేది. సీసా తెచ్చుకోమనేది. ఉప్పు మాట కూడా తనే చెప్పేది, నవ్వుతూ.

కానీ పాలెం వాళ్ళు ఎక్కువగా చెప్పుకునేది బిడ్డ పుట్టిన ఏడాది కార్తీకం గురించి. ఆనప పాదు పనిలేని తీగ పక్క నుంచే కప్పు ఎక్కింది. రెండిటి ఆకులు కలిసిపోయాయి. తొలికాయ దిగింది. లేతగా, నూగు మీద వెలుతురు నిలిచి, చూరు నుంచి వేలాడింది. ఆ పొద్దున పోతురాజు సముద్రానికి వెళ్ళాడు.

"కాయ కోసి వండనా అత్తా?" అని మరిడమ్మ కత్తి తీసుకుంది.

"ఉండు" అంది లోవమ్మ.

ఆమె గుంజకు ఆనుకుని కూర్చుంది. వల ముట్టుకోలేదు. మనవరాలిని ఒళ్ళో వేసుకుని మొగ వైపు చూస్తూ ఉంది. ఆనవాయితీ కలిసిందని పెద్దలు చెప్పారు. అయినా ఆమె కాయను చూడడం లేదు. మధ్యాహ్నం అయింది. మహాలక్ష్మమ్మ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. పొద్దు వాలింది. ఆనప పువ్వులు ఒకటొకటిగా విచ్చుకోసాగాయి. అప్పుడు మొగ దగ్గర తెరచాప ఒకటి, చిన్నగా, మురికి తెల్లగా కనిపించింది. తర్వాత దాని మీది అతుకు కనిపించింది. ఆ అతుకు లోవమ్మ వేసిందే.

పోతురాజు ఒడ్డెక్కి వచ్చేసరికి తల్లి ఎదురొచ్చి చేతికి కత్తి ఇచ్చింది.

"ఏంటమ్మా?"

"కొయ్యి. నువ్వే కొయ్యి."

అతను తడి చేతులతోనే కాయ కోశాడు. లోవమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. మీద గోరు గుచ్చి చూసింది.

"లేతగా ఉంది" అంది. కోడలి వైపు తిరిగి, "నిలబడి చూస్తావేంటే, పొయ్యి రాజెయ్యి. రొయ్యపొట్టు నేను వేయిస్తా" అంది.